ప్రతి టెస్టుకూ ఖాళీ డేటాబేస్

మా నోట్స్ యాప్ కోడ్ సరిగ్గా పనిచేస్తుందో చూసే టెస్టులు నా ఫోన్‌లో పాసయ్యాయి, అవే కొలీగ్ ఫోన్‌లో రన్ చేస్తే మూడు ఫెయిలయ్యాయి. సాయంత్రమంతా కోడ్ వెతికాను. తప్పు అక్కడ లేదు. యాప్ వాడి చూస్తున్నప్పుడు నేను సేవ్ చేసిన నోట్స్ నా ఫోన్ డేటాబేస్‌లో మిగిలిపోయాయి. టెస్టులు వాటిని చదువుకుని పాసవుతున్నాయి. ఆ రోజు నుంచి టెస్టులను అసలు డేటాబేస్ దగ్గరికి పోనివ్వడం లేదు.

ముందు చేయాల్సిన పని టెస్టులో కాదు, యాప్ కోడ్‌లో ఉంది. డేటాను చదివి రాసే రిపాజిటరీ క్లాస్ డేటాబేస్‌ను తనే ఓపెన్ చేసుకోకూడదు. కన్‌స్ట్రక్టర్ (క్లాస్ నుంచి ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్) ద్వారా బయటి నుంచి అందివ్వాలి. సింగిల్‌టన్ (యాప్ అంతటికీ ఒకటే ఉండే ఆబ్జెక్ట్) నుంచి నేరుగా లాక్కునే కోడ్ ఉంటే, టెస్టులో ఎంత జాగ్రత్తపడ్డా అసలు ఫైలే తెరుచుకుంటుంది. ఇది మార్చాకే మిగతాది.

ఆండ్రాయిడ్ డేటాబేస్ లైబ్రరీ రూమ్‌లో అయితే, ప్రతి టెస్టుకు ముందు నడిచే, 'బిఫోర్' అని గుర్తు పెట్టిన ఫంక్షన్‌లో ఇన్-మెమరీ-డేటాబేస్-బిల్డర్‌తో, ఫైల్ లేకుండా మెమరీలోనే ఉండే డేటాబేస్ తయారు చేయండి, టెస్టు తర్వాత నడిచే 'ఆఫ్టర్' ఫంక్షన్‌లో క్లోజ్ చేయండి. ప్రతి టెస్టుకూ కొత్తది వస్తుంది, క్లోజ్ చేయగానే అందులోని డేటా అంతా పోతుంది. టెస్టుకు కావలసిన డేటా ఆ టెస్టులోనే పెట్టండి: రెండు నోట్స్ ఇన్సర్ట్ చేసి, ఒకటి డిలీట్ చేసి, మిగిలినది ఏదో చూడండి. అన్ని టెస్టులకూ కలిపి ఒకే పెద్ద శాంపిల్ ఫైల్ పెట్టడం నాకు నచ్చదు. అందులో ఒక వరుస మారిస్తే ఎక్కడో సంబంధం లేని టెస్టు పడిపోతుంది.

రూమ్ కింద ఉండే డేటాబేస్ ఇంజిన్ ఎస్‌క్యూలైట్‌ను నేరుగా వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మెమరీ డేటాబేస్‌కు మామూలుగా ప్రతి కనెక్షన్ విడి డేటాబేసే. ఒక కనెక్షన్‌లో టేబుల్ క్రియేట్ చేసి ఇంకో దాంట్లో వెతికితే 'నో సచ్ టేబుల్' అంటుంది. టెస్టు మొత్తానికి ఒకే కనెక్షన్ వాడండి.

ఐఫోన్‌లో డేటా దాచే లైబ్రరీ కోర్ డేటాలోనూ ఇన్-మెమరీ స్టోర్ ఉంది, కానీ బ్యాచ్ డిలీట్ (చాలా వరుసలను ఒకేసారి తీసేయడం) అందులో పనిచేయదు. దాన్ని టెస్ట్ చేయాలంటే ఎస్‌క్యూలైట్ స్టోర్ కావాలి.

మైగ్రేషన్ల (కొత్త వెర్షన్‌లో టేబుళ్ల రూపం మారితే పాత డేటాను దానికి తగ్గట్టు మార్చడం) విషయానికొస్తే మెమరీ డేటాబేస్ సరిపోదు. అది ఎప్పుడూ తాజా స్కీమాతోనే (టేబుళ్ల నిర్మాణంతోనే) పుడుతుంది కాబట్టి మైగ్రేషన్ కోడ్ అసలు నడవదు. అప్‌డేట్ తర్వాత యూజర్ రాసుకున్న నోట్స్ పోయేది సరిగ్గా ఇక్కడే, అందుకే దీన్ని వదలొద్దు. రూమ్‌లో స్కీమాను ఫైల్‌గా దాచే ఎక్స్‌పోర్ట్ స్కీమా ఆన్ చేసి, మైగ్రేషన్ టెస్ట్ హెల్పర్‌తో వేరే పేరున్న ఫైల్‌లో వెర్షన్ 1 డేటాబేస్ తెరవండి. ఒక నోట్ పెట్టి క్లోజ్ చేసి, వెర్షన్ 2కు మైగ్రేట్ చేసి, ఆ నోట్ అక్షరం పోకుండా ఉందో లేదో చదివి చూడండి.