సెప్టిక్ ట్యాంకు సరే, సోక్ పిట్ సంగతేంటి?

హనుమకొండలో మా ఇంటి సెప్టిక్ ట్యాంకు మూత పదకొండేళ్లు తెరవలేదు. తెరుద్దామన్నా కనిపిస్తే కదా, దాని మీద టైల్స్ పరిచేశాం. ఒక బతుకమ్మకు అక్కాచెల్లెళ్లు పిల్లలతో సహా దిగిన నాలుగో రోజున బాత్రూమ్ నీళ్లు వెనక్కి తన్నాయి, పండుగ పూట టైల్స్ పగలగొట్టించాను. బండి వచ్చి ట్యాంకు ఖాళీ చేసింది. పది రోజులకు మళ్లీ అదే కథ, ఎందుకంటే అప్పటికే మడ్డి కొట్టుకుపోయి సోక్ పిట్, అంటే ట్యాంకు నీళ్లు నేలలోకి ఇంకే గుంత, పూడుకుపోయింది. కొత్త పిట్ తవ్వించిన డబ్బులతో ట్యాంకు ఎన్నిసార్లు ఖాళీ చేయించొచ్చో లెక్క వేస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ట్యాంకు చేసే పని చిన్నదే. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె, జిడ్డు పైన తెట్టు కడతాయి, మధ్యలో ఉన్న నీళ్లు మాత్రం T ఆకారపు పైపు గుండా సోక్ పిట్‌కు వెళ్లాలి. మడ్డి పెరిగితే అదీ ఆ నీళ్లతోనే పోయి పిట్ చుట్టూ మట్టిని మూసేస్తుంది. పిట్ లేకుండా ట్యాంకు పైపు నేరుగా మోరిలో కలిపిన ఇళ్లయితే మన దగ్గర బోలెడు, ఆ నీళ్లు శుభ్రమైనవేం కాదు.

నలుగురైదుగురున్న ఇంటికి రెండు మూడేళ్లకోసారి తీయించాలి. అనుమానముంటే ఏడాదికోసారి కొలవండి. పొడవాటి కర్రకు తెల్లటి పాత టవల్ చుట్టి, మూత తీసి కాసేపు దూరంగా ఆగి, కర్రను మెల్లగా అడుక్కు దించి నిమిషం ఉంచి తీయండి. నల్లగా అంటిన భాగం మొత్తం తడిసిన పొడవులో మూడో వంతు దాటితే బండిని పిలవాల్సిందే. చేతులకు గ్లవ్స్, పక్కన ఇంకో మనిషి ఉండాలి, లోపలికి తొంగి చూడొద్దు, బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానీయొద్దు. లోపలుండే గ్యాస్ ఎక్కువైతే వాసన కూడా తెలియదు, మనిషి క్షణాల్లో కుప్పకూలుతాడు. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా లోపలికి మనిషిని దించకండి, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా దించడం నేరం కూడా.

కరెంటు స్తంభాల మీద రాసిన నంబర్లకు ఫోన్ చేస్తే బండి వస్తుంది, కానీ ఎక్కడ పారబోస్తావని డ్రైవర్‌ను అడగండి. గ్రేటర్ వరంగల్‌లో దీనికోసం అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం ఉంది, చెరువు పక్కన వదిలేస్తానంటే ఆ బండి వద్దు.

ఇక సోక్ పిట్. చెల్క నేల, మొరం అయితే నీళ్లు గుంజుకుంటాయి, నల్లరేగడి వానకు ఉబ్బి మూసుకుంటుంది. తవ్వించే ముందు, పిట్ దిగే లోతులో చిన్న గుంత తీసి సాయంత్రం నీళ్లు నింపి వదలండి, పొద్దున మళ్లీ నింపి గడియారం చూడండి. అరగంటలో అంగుళం దిగితే పిట్ చాలు, గంట దాకా పడితే చిల్లుల పైపుతో పొడవాటి కందకం మేలు, గంట దాటితే ఆ నేలను నమ్ముకోవద్దు. తాగే బావికి, బోరుకు 60 అడుగుల దూరం ఉండాలి. డాబా వాన నీళ్ల ఇంకుడు గుంతలో దీన్ని కలిపారంటే మీ బోరులో మీరే పోసుకున్నట్టు.

చోటుంటే రెండు పిట్‌లు పెట్టుకుని కొన్ని నెలలకోసారి మార్చండి, ఆరిన మట్టి మళ్లీ కొంత కోలుకుంటుంది. పైన కారు ఆపొద్దు, రావి, కొబ్బరి లాంటివి నాటొద్దు. ప్యాడ్లు, డైపర్లు, వంటనూనె లోపలికి పోనీయకండి. యాసిడ్, ఫినాయిల్ బాటిళ్లకు బాటిళ్లు పోస్తే మడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే చస్తాయి. వారం బట్టలన్నీ ఆదివారమే మెషిన్‌లో వేసినా మడ్డి కదులుతుంది, రెండు మూడు రోజులకు పంచుకోండి.

ఖాళీ చేయించడం రోహిణి కార్తెలోనే అయిపోవాలి, మృగశిర వానలు పడి నేల నానాక డబ్బు దండగ. మేడారం జాతర ఏడాది అయితే చుట్టాలు రాకముందే కర్ర దించి చూసుకోండి. తీయించిన తేదీని నేను కరెంటు మీటరు బాక్సు తలుపు లోపలివైపు మార్కర్‌తో రాసిపెట్టా, దాని కింద మూత గోడకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో కూడా.