జాంగో మెయిల్‌లో పీడీఎఫ్ ఖాళీగా వెళ్తోందా?

మొన్న రాత్రి మారతహళ్లిలో మా పక్క రూమ్ కడప తమ్ముడు జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) రాసిన కోడ్ చూపించడానికి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అన్నా, మెయిల్ వెళ్తోంది, ఇన్‌వాయిస్ మాత్రం ఓపెన్ కావట్లేదు" అన్నాడు. చూస్తే అటాచ్‌మెంట్ సైజు 0 బైట్లు. పాపం, రెండు రోజులుగా ఎస్ఎమ్‌టీపీ (మెయిల్ పంపే సర్వర్) సెట్టింగులే మార్చి మార్చి చూస్తున్నాడట.

అసలు సంగతి బైట్స్ఐఓలో ఉంది, అంటే డిస్క్ మీద కాకుండా మెమరీలోనే ఉండే ఫైల్ లాంటిది. పీడీఎఫ్ రాయడం పూర్తయ్యాక కర్సర్ చివర్లోనే ఉండిపోతుంది. అక్కణ్ణుంచి రీడ్ చేయమంటే చదవడానికి ఏమీ మిగలదు. ముందు సీక్‌తో కర్సర్‌ని 0కి తీసుకురండి. లేదా రీడ్ బదులు గెట్‌వాల్యూ వాడండి, కర్సర్ ఎక్కడున్నా మొత్తం ఇచ్చేస్తుంది. నేనైతే రెండోదే వాడతాను, మర్చిపోతామన్న టెన్షన్ ఉండదు. ఆ బైట్లను జాంగో ఈమెయిల్‌మెసేజ్‌లోని అటాచ్‌కి ఇచ్చేటప్పుడు ఫైల్ పేరు, చివర డాట్ పీడీఎఫ్‌తో సహా, తప్పకుండా రాయండి. ఫైల్ డిస్క్ మీదే ఉంటే ఇదంతా అక్కర్లేదు, అటాచ్_ఫైల్‌కి పాత్ ఇస్తే చాలు.

ఇంకోటి, జీమెయిల్ నుంచి పంపే మెయిల్‌కి పరిమితి 25 ఎంబీ. కానీ మెయిల్‌లో పంపడానికి ఫైల్‌ని అక్షరాలుగా మార్చే బేస్64 వల్ల ఫైల్ సైజు మూడో వంతు పెరుగుతుంది. 18 ఎంబీ దాటిన ఫైలుకి డౌన్‌లోడ్ లింక్ పంపడమే మేలు.