పసిపిల్లల నిద్ర, స్వభావం: ఇంట్లో మనం చేయగలిగింది

సాయంత్రమయ్యేసరికి చిన్న విషయానికే నేలమీద పడి ఏడ్చే మూడేళ్ల పిల్లను మొండిదని తేల్చే ముందు, ఆ వారం ఆమె ఎంత నిద్రపోయిందో రాసి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం, పగటి కునుకుతో కలిపి, ఏడాది నుంచి రెండేళ్లవారికి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్లవారికి 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం.

నిద్ర చాలనప్పుడు కోపాన్ని, భయాన్ని అదుపు చేసుకోవడం ఏ బిడ్డకైనా కష్టమే. పుట్టుకతోనే సున్నితంగా ఉండే బిడ్డకు మరీ కష్టం. ఈ సున్నితత్వానికి కారణం వెతుకుతూ, మెదడులో సందేశాలను చేరవేసే సెరటోనిన్ అనే రసాయనం రవాణాకు సంబంధించిన జన్యువులోని తేడాలను పరిశోధకులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు గానీ, ఏ ఒక్క జన్యువూ స్వభావాన్ని నిర్ణయించదు కనుక జన్యు పరీక్షలకు డబ్బు పోయనక్కరలేదు. పసివయసులో రాత్రి నిద్ర ఎంతసేపన్నది వంశపారంపర్యం కంటే ఇంటి వాతావరణాన్ని బట్టే ఎక్కువగా మారుతుందని కవలలపై జరిగిన కొన్ని అధ్యయనాలు చూపాయి. ఇది తల్లిదండ్రులకు నిజంగా ధైర్యమిచ్చే విషయం.

ముందుగా నిద్రలేచే వేళను స్థిరపరచండి. పడుకునే ముందు గంటసేపు ఫోను, టీవీ ఆపి, స్నానం, కథ, జోలపాట రోజూ ఒకే వరుసలో జరపండి. తండ్రి ఇల్లు చేరేదాకా బిడ్డను మేల్కొలిపి ఉంచడం ప్రేమతో చేసేదే అయినా, ఆ ముచ్చట్లను ఉదయానికి మార్చడం మేలు. చాలా రాత్రులు గురక పెడుతూ నోటితో ఊపిరి తీసే బిడ్డను మాత్రం పిల్లల వైద్యునికి చూపించాలి.