వసంతంలో చిన్న పడవ ట్రోలింగ్: చేప పడనప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

పడవను మెల్లగా నడుపుతూ, వెనక ఎరలు ఈడ్చుకుంటూ పోవడమే ట్రోలింగ్. చూడ్డానికి ఇంతకంటే తేలికైన పని ఉండదు. చిక్కల్లా ఏమిటంటే ఎర 30 మీటర్ల వెనక, నీళ్ల కింద ఉంటుంది. అది సరిగ్గా ఈదుతోందో, గడ్డిపోచ తగిలించుకుని చచ్చినట్టు వస్తోందో కంటికి కనబడదు. మన దగ్గరున్న ఆధారాలు మూడే: రాడ్ (గాలం కర్ర) కొన కదలిక, లైన్ (గాలం దారం) నీళ్లలోకి దిగే కోణం, పడవ వేగం.

ఇక్కడ రాసింది చల్లటి ప్రాంతాల సరస్సుల గురించి. మంచు కరిగిన రోజుల నుంచి పైనీళ్లు 12, 13 డిగ్రీలకు చేరేదాకా, ట్రౌట్, సాల్మన్, వాలై, పైక్ లాంటి చేపల కోసం 4, 5 మీటర్ల పడవలో వెళ్లేవాళ్లకి పనికొస్తుంది. చేప తగలనప్పుడు వెతికే వరుస ఒకటే: ముందు ఎర, తర్వాత వేగం, తర్వాత లోతు, ఆఖరున చోటు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. అరగంట ఏమీ తగలకపోతే చోటు మార్చేస్తారు, ఆ గడ్డి తగులుకున్న ఎరనే కొత్త చోటుకీ ఈడ్చుకెళ్తారు.

ఎంతసేపు తిరిగినా ఒక్కటీ తగలడం లేదు

ముందు ఎరను పడవ పక్కకి లాక్కుని, అదే వేగంతో వెళ్తూ నీళ్లలో చూడండి. స్పూన్ (చెంచా ఆకారపు రేకు ఎర) అయితే అటూ ఇటూ ఊగుతూ రావాలి. గిరగిరా బొంగరంలా తిరుగుతుంటే వేగం ఎక్కువైనట్టు, కదలకుండా వేలాడుతుంటే తక్కువైనట్టు. వసంతంలో వాగులు పొంగి ఆకులు, పుల్లలు, నాచు తెస్తాయి. కొక్కేనికి అంగుళం గడ్డిపోచ తగిలినా చాలు, చాలా చేపలు దాన్ని ముట్టవు. ప్లగ్ (చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి ఎర) వేసినప్పుడు రాడ్ కొన సన్నగా, ఆగకుండా అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఆగిందంటే ఏదో తగులుకున్నట్టే, వెంటనే లాగి చూడాలి. చిన్న స్పూన్ల అదురు కొనదాకా రాదు కాబట్టి వాటిని పది పదిహేను నిమిషాలకోసారి ఎటూ చూడాల్సిందే. విసుగు పనే, కానీ తప్పదు.

ఎర బాగుంటే వేగం చూడండి. చల్లటి నీళ్లలో చేప ఒళ్లు కూడా చల్లగానే ఉంటుంది, అరుగుదల నెమ్మదిస్తుంది, దూరం తరమదు. నీళ్లు 7, 8 డిగ్రీల లోపు ఉన్నప్పుడు ట్రౌట్‌కి గంటకు 2.5 నుంచి 3.5 కిలోమీటర్లు, వాలైకి 1.5 నుంచి 2.5 దగ్గర మొదలుపెట్టండి. వేసవిలో పనిచేసిన వేగం ఇప్పుడు పనిచేయదు.

ఇక్కడే ఒక మోసం ఉంది. జీపీఎస్ చూపేది నేల మీద పడవ వేగం. ఎరకి కావలసింది నీళ్లతో పోల్చిన వేగం. గాలి ఒకేవైపు గంటలకొద్దీ వీస్తే పైనీళ్లు కూడా ఆ దిక్కుకే జరుగుతుంటాయి. అప్పుడు గాలికి ఎదురుగా 3 కిలోమీటర్లు, గాలివాటున 3 కిలోమీటర్లు ఎరకి ఒకటి కాదు. ఒక దిక్కున వెళ్లేటప్పుడే చేపలు తగిలి, తిరుగు ప్రయాణంలో తగలడం లేదంటే ముందు అనుమానించాల్సింది ఇదే. పడుతున్న దిక్కులో లైన్ ఏ కోణంలో దిగుతోందో, రాడ్ ఎంత వంగుతోందో గుర్తుపెట్టుకుని, తిరిగి వచ్చేటప్పుడు అంకె ఎంత చూపినా అదే కోణం, అదే వంపు వచ్చేలా మోటార్‌ని సర్దండి.

సరైన వేగం తెలియకపోతే తిన్నగా పోకుండా పాములా వంకర్లు తిరగండి. మలుపులో బయటివైపు ఎర జోరందుకుంటుంది. లోపలివైపుది నెమ్మదిస్తుంది; స్పూన్ అయితే కిందికి జారుతుంది, తేలే ప్లగ్ అయితే పైకి లేస్తుంది. బయటి రాడ్‌కే తగులుతుంటే కాస్త పెంచండి, లోపలి రాడ్‌కైతే తగ్గించండి.

ఇక లోతు. నీళ్లు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. మంచు కరిగాక పైనీళ్లు ఆ వేడికి చేరగానే గాలికి మొత్తం సరస్సు కలగలిసి, పైనుంచి అడుగుదాకా దాదాపు ఒకే వేడిమికి వస్తుంది. వేసవిలోలాగా చేపని ఒక లోతులో కట్టిపడేసే చల్లటి పొర అప్పుడు ఉండదు. తిండి ఎక్కడుంటే అక్కడికి పోతాయి, పైనీళ్లు కాస్త వేడెక్కే రోజుల్లో ఆ తిండి ఎక్కువగా పైనే ఉంటుంది. అందుకే బరువులేమీ లేకుండా, ఎర పై 3 మీటర్లలోనే ఉండేలా మొదలుపెట్టడం మంచిది.

సోనార్ (శబ్దంతో నీళ్ల కింద ఏముందో చూపే పరికరం) తెర ఖాళీగా ఉందని నిరాశపడొద్దు. 20 డిగ్రీల కోణంతో చూసే సోనార్‌కి 3 మీటర్ల లోతులో కనబడేది మీటరు వెడల్పు మాత్రమే. అంత పైన ఉన్న చేప పడవ నీడ, చప్పుడు పడగానే పక్కకి తప్పుకుంటుంది కూడా. ఈ రుతువులో సోనార్‌ని లోతు, నీటి వేడిమి చూసుకోవడానికి వాడుకోండి, చేపల లెక్కకి కాదు. బెదిరిన చేప మళ్లీ దారిలోకి రావాలంటే ఎర దూరంగా ఉండాలి. తేటనీళ్లలో 30 నుంచి 50 మీటర్లు, మురికినీళ్లలో 15, 20 మీటర్లు వదలండి. లైన్‌ని పడవ పక్కకి లాక్కెళ్లే ప్లేనర్ బోర్డు ఉంటే లోతు తక్కువున్న ఒడ్డు దగ్గర దాని విలువ తెలుస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే చోటు మార్చండి. ఎండ ఎక్కువసేపు పడే ఒడ్డు, నల్లటి అడుగున్న లోతులేని మూలలు, వాగు కలిసే చోటు, గాలి వెచ్చటి పైనీళ్లని తోసుకొచ్చి పోగేసిన ఒడ్డు: వీటిలో 1, 2 డిగ్రీల తేడా దొరికినా చాలు. మొదటి వారాల్లో తెల్లవారుజాము కంటే మధ్యాహ్నమే మేలు కావచ్చు. పొద్దున్నే లేవాలన్న పట్టుదల వేసవికి దాచుకోండి.

తట్టి వదిలేస్తోంది

రాడ్ కొన ఒక్కసారి టక్కుమని, మళ్లీ మామూలుగా అదురుతుంటే చేప వెంట వచ్చింది, నోరు పెట్టింది, నమ్మలేదు. అదే వేగం, అదే తీరు మార్పు లేకుండా పోతుంటే వెంటపడ్డ చేపకి ఆలోచించుకునే తీరిక దొరుకుతుంది. రాడ్‌ని చేతిలోకి తీసుకుని అర మీటరు ముందుకి లాగి మెల్లగా వెనక్కి వదలండి, లేదా మోటార్‌ని ఒక్క క్షణం తగ్గించి పెంచండి. చాలాసార్లు ఎర మళ్లీ కదలడం మొదలుపెట్టినప్పుడే పట్టేస్తుంది.

అయినా అదే తీరైతే ఎర సైజు తగ్గించండి, లైన్ చివర 2, 3 మీటర్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (నీళ్లలో అంతగా కనబడని దారం ముక్క) కట్టండి. రంగు ఆ తర్వాతి మాట. తేటనీళ్లకి వెండిరంగు, మురికినీళ్లకి నారింజ లేదా మెరిసే పసుపుపచ్చ సరిపోతాయి. రంగుల డబ్బా ముందేసుకుని కూర్చుంటే పొద్దుపోతుంది తప్ప లాభం తక్కువ.

తగిలింది, కానీ పడవ దాకా రాలేదు

ముందు కొక్కెం మొన చూడండి. గోటి మీద పెడితే జారకుండా గుచ్చుకుని ఆగాలి, జారితే ఆకురాయి పట్టించాలి. మొన పదునుగానే ఉంటే డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు రీల్ లైన్‌ని వదిలే బిగింపు, చూడండి. లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా లాగితే రీల్ వదలాలి. 4 కిలోల లైన్‌కి కిలో, కిలోంబావు. సాగని బ్రెయిడ్ (అల్లిక) లైన్ వాడితే డ్రాగ్ ఇంకా వదులుగా ఉంచి, మెత్తగా వంగే రాడ్‌తో వాడండి. సాగే నైలాన్ లైన్‌లో ఆ సాగుడే దెబ్బని మింగేస్తుంది, బ్రెయిడ్‌లో ఆ పని రాడ్, డ్రాగ్ చేయాలి.

మూడో కారణం మోటార్. చేప తగలగానే కంగారులో మోటార్ ఆపేస్తారు, పడవ ఆగుతుంది, లైన్ వదులౌతుంది, చేప తల విదిలించి వెళ్లిపోతుంది. ఆపకండి. వేగం తగ్గించి ముందుకే పోతూ ఉండండి, చేప వల అందేంత దగ్గరికొచ్చాక చూసుకోవచ్చు.

లైన్ మెలికలు పడుతోంది

స్పిన్నర్లు (రేకు గిరగిరా తిరిగే ఎరలు), జోరుగా ఈడ్చిన స్పూన్లు లైన్‌ని పురి పెట్టినట్టు తిప్పేస్తాయి. చవక స్వివెల్ (లైన్‌కీ ఎరకీ మధ్య తిరిగే చిన్న లంకె) బరువు పడితే తిరగడం మానేస్తుంది, బాల్ బేరింగ్ ఉన్నదే కొనండి. ఒక కారణం మాత్రం ఎవరికీ తట్టదు: చేప లైన్ లాక్కుపోతూ డ్రాగ్ జారుతున్నప్పుడు స్పిన్నింగ్ రీల్ హ్యాండిల్ తిప్పడం. గేర్ 5:1 అయితే హ్యాండిల్ ఒక్క చుట్టు తిప్పినందుకు లైన్‌లో ఐదు మెలికలు పడతాయి. డ్రాగ్ జారుతుంటే చెయ్యి ఆపాలి.

పడ్డ మెలికలు పోవాలంటే ఎర, స్వివెల్ అన్నీ విప్పేసి ఉత్త లైన్ 50, 60 మీటర్లు వెనక వదిలి కొన్ని నిమిషాలు నడపండి. నీళ్లే పురి విప్పేస్తాయి.

రెండు లైన్లు చిక్కుపడుతున్నాయి

ముప్పావు వంతు చిక్కులకి కారణం ఇరుకు మలుపే అనిపిస్తుంది నాకు. లోపలి లైన్ ఆగిపోతుంది, బయటిది దాని మీదుగా వస్తుంది. వెడల్పుగా తిరగండి. రెండు ఎరలూ ఒకే పొడవులో కాకుండా ఒకటి 20, ఒకటి 40 మీటర్లలో ఉంచండి. వేగానికి ఒకేలా స్పందించే ఎరలే జతగా వేయండి. ప్లగ్ పక్కన స్పూన్ వేస్తే ఒకటి లేస్తుంటే ఇంకోటి మునుగుతుంది. కొత్తవాళ్లు ఇద్దరున్న పడవకి రెండు రాడ్లు చాలు. మనిషికి ఎన్ని రాడ్లు, ఏ చేపకి ఏ నెలల్లో నిషేధం అన్నది చోటును బట్టి మారుతుంది, వసంతం చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వెళ్లేముందే చూసుకోవాలి.

ప్లగ్ ఒక పక్కకే ఈడుస్తోంది

ముందున్న లైన్ కట్టే రింగు వంకర పోయి ఉంటుంది. ఎరని మీ వైపుకి లాగుతూ చూడండి. మీ కుడికి పోతుంటే రింగుని మీ ఎడమకి, ఎడమకి పోతుంటే కుడికి, పట్టకారుతో వెంట్రుకవాసి వంచి మళ్లీ లాగి చూడండి. ఒకేసారి గట్టిగా వంచితే ఊడొస్తుంది.

పడవ నెమ్మదించడం లేదు, ముక్కు గాలికి తిరిగిపోతోంది

చిన్న మోటార్‌ని పూర్తిగా తగ్గించినా పడవ 4, 5 కిలోమీటర్ల కింద దిగకపోతే వెనక డ్రిఫ్ట్ సాక్, అంటే నీళ్లు పట్టి పడవని వెనక్కి లాగే సంచి, వదలండి. డ్రిఫ్ట్ సాక్ లేకపోతే తాడు కట్టిన బకెట్టూ పనిచేస్తుంది, తాడు ప్రొపెల్లర్‌కి అందనంత పొట్టిగా ఉండాలి. ముక్కు తేలికై గాలికి తిరుగుతుంటే బ్యాటరీ, ఇంధనం డబ్బా లాంటి బరువులు ముందుకి జరపండి, గాలివాటున ట్రోల్ చేసి ఎదురుగాలిలో లైన్లు లాగేసి తిరిగి రండి.

గాలి పెరిగితే చేపల సంగతి పక్కనపెట్టండి. 10 డిగ్రీల లోపు నీళ్లలో పడ్డవాళ్లకి చెప్పే లెక్క 1-10-1: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు పనికొచ్చేలా కదిలేది దాదాపు 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. లైఫ్ జాకెట్ లేకుండా ఆ మొదటి నిమిషమే దాటలేకపోవచ్చు. జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. మోటార్ ఆపే తాడు మణికట్టుకో జాకెట్‌కో తగిలించుకోవాలి. బోర్లాపడితే పడవని వదిలి ఒడ్డుకి ఈదే ప్రయత్నం చేయొద్దు.

మోటార్ కాసేపు నడిచి ఆగిపోతోంది

ఇంధనం డబ్బా మూత మీది గాలి స్క్రూ తెరిచారా? అది మూసి ఉంటే కొద్ది నిమిషాలు బాగా నడిచి ఆగుతుంది. గొట్టం మధ్యలోని రబ్బరు బల్బు పట్టుకుని చూడండి. చదునుగా లోపలికి పీల్చుకుపోయి ఉంటే గాలి స్క్రూ మూసుందో, బల్బుకి ముందు ఏదో అడ్డుపడిందో. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, గొట్టం జాయింట్లు చూడండి. బల్బు నొక్కుతున్నంతసేపే నడుస్తుంటే ఇంధనం అందడం లేదు.

ఇవేవీ కాకపోతే చలికాలమంతా డబ్బాలో ఉండిపోయిన పాత పెట్రోల్ కావచ్చు. ఇథనాల్ కలిపిన పెట్రోల్ నీటిని పీల్చుకుంటుంది, ఎక్కువైతే ఆ నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకి దిగుతాయి. కొత్తది పోయండి. టూ-స్ట్రోక్ మోటార్‌ని గంటలకొద్దీ నెమ్మదిగా నడిపితే స్పార్క్ ప్లగ్ నూనెతో నల్లగా తడిసిపోతుంది. మధ్యమధ్యలో కాసేపు జోరుగా నడపండి, ఒక కొత్త స్పార్క్ ప్లగ్, దాని పానా పడవలో పెట్టుకోండి. మోటార్ వెనక నుంచి చిమ్మే నీటిధార ఆగితే మాత్రం వెంటనే ఆపేయాలి. నీళ్లు పీల్చే రంధ్రాల్లో నాచు ఇరుక్కుందో లేదో చూడండి. అవి శుభ్రంగానే ఉంటే లోపలి ఇంపెల్లర్ (నీళ్లు తోడే రబ్బరు చక్రం) పోయి ఉండొచ్చు, అదే అయితే ఆ పూటకి తెడ్లే గతి.

ఎలక్ట్రిక్ మోటార్ సగం పొద్దుకే నీరసిస్తోంది

చలికి లెడ్ బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, సున్నా డిగ్రీల దగ్గర సుమారు ఐదో వంతు పోతుంది. నిండా చార్జయి కాసేపు విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి, 12.2 అంటే సగం అయిపోయినట్టే. టెర్మినళ్ల మీద తెల్లటి పూత ఉంటే గీకేసి బిగించండి. లిథియం బ్యాటరీ అయితే గడ్డకట్టే చలిలో చార్జింగ్ పెట్టకండి, లోపలికి తెచ్చి వెచ్చబడ్డాకే పెట్టండి.

ఎర అడుగున తట్టుకుంది

లైన్‌ని చేతికి చుట్టుకుని లాగొద్దు, పడవ జోరుతో తెంపబోవద్దు. మోటార్ న్యూట్రల్‌లో పెట్టి, మిగతా లైన్లు లాగేసి, తర్వాత ఈ లైన్‌ని రీల్‌కి చుట్టుకుంటూ మెల్లగా ఎర దాటి అవతలివైపుకి వెళ్లండి. వచ్చిన దిక్కుకి ఎదురుగా లాగితే చాలావరకు ఊడొస్తుంది. అలలున్నప్పుడు పడవ వెనకభాగం తట్టుకున్న లైన్ వైపు ఉండకూడదు, వెనకనుంచి నీళ్లు లోపలికొస్తాయి. అలాంటప్పుడు లైన్ కోసేసి ఎరని వదులుకోండి.