షార్డనేని మరీ చల్లగా తాగకండి

ఫ్రాన్స్‌లోని షాబ్లీ లాంటి చలి ప్రాంతపు షార్డనే (ఓ రకం వైట్ వైన్) ఎవరైనా తెచ్చిస్తే, విశాఖ ఉక్కకి భయపడి ఫ్రీజర్‌లో పెట్టేయకండి. మంచులా చల్లబడితే ఆ నిమ్మ, పచ్చి యాపిల్ వాసనలు ముక్కుకి అందవు. దాని అందమంతా వాటిలోనే ఉంది! ఫ్రిజ్‌లోంచి తీసి ఓ పావుగంట బయట ఉంచండి. 10 నుంచి 12 డిగ్రీలు చాలు, మే నెలలో అయితే ఇంకా త్వరగా వచ్చేస్తుంది. గ్లాసులో కొంచెం కొంచెమే పోసుకోండి. పక్కన వంజరం వేపుడు భలే కుదురుతుంది, కానీ కారం సగానికి తగ్గించి నిమ్మకాయ పిండండి. కారం ఎక్కువైతే వైన్ చేదుగా, మంటగా తగులుతుంది. బయోడైనమిక్ పద్ధతిలో, అంటే రసాయన ఎరువులు, మందులు లేకుండా ద్రాక్ష పండించే చిన్న కుటుంబాల తోటల్లో కొందరు వైన్‌ని వడకట్టకుండానే సీసాలో నింపుతారు. అడుగున కాస్త మడ్డి కనిపిస్తే టెన్షన్ పడకండి, పాడైనట్టు కాదు.