బయోమెడికల్ ఇంజినీరింగ్: ఒక్క సిగ్నల్‌ను పట్టుకుని డిగ్రీ మొత్తం చదవండి

బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లు రెండో ఏడాదికల్లా ఒకే పాట పాడతారు: "అన్నీ చెప్తున్నారు, ఏదీ పూర్తిగా రావట్లేదు." నిజమే మరి. పొద్దున అనాటమీ, మధ్యాహ్నం సర్క్యూట్లు, మర్నాడు మెటీరియల్స్, ఆపైన ప్రోగ్రామింగ్. ఎలక్ట్రానిక్స్ వాళ్లంత సర్క్యూట్లు రావు, మెడిసిన్ వాళ్లంత శరీరం తెలీదు. ఇలాగే సాగితే చివరి ఏడాదికి రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. వైద్య పరికరాలు టెస్ట్ చేసే ఉద్యోగం నాది, కొత్తవాళ్ల ఇంటర్వ్యూల్లో కూడా కూర్చుంటాను. మార్కులు బాగా ఉండీ తడబడేవాళ్లలో నాకు ఎక్కువగా కనిపించేది ఈ చెల్లాచెదురుతనమే.

నేను చెప్పే ఉపాయం ఒకటే. మొదటి ఏడాదిలోనే ఒక సిగ్నల్‌నో పరికరాన్నో ఎంచుకోండి. ఏ సబ్జెక్టు చదివినా, ఇది నా పరికరంలో ఎక్కడ పనికొస్తుందని వెతకండి. పల్స్ ఆక్సీమీటర్ కావచ్చు, డయాలసిస్ మెషీన్ కావచ్చు. తేల్చుకోలేకపోతే గుండెలోని విద్యుత్‌ను గీతగా చూపే ఈసీజీ తీసుకోండి.

ఫిజియాలజీతో మొదలుపెడదాం. విలెమ్ ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ తెచ్చిపెట్టిన ఈసీజీ యంత్రం దగ్గర రోగి రెండు చేతుల్నీ ఒక కాలినీ ఉప్పునీళ్ల పాత్రల్లో పెట్టుకుని కూర్చోవాలి. ఇప్పటి లీడ్ 1, 2, 3 (ఆ చేతులు, కాలిని రెండేసి చొప్పున తీసుకుని చూసే కొలతలు) ఆ అమరికలోంచి వచ్చినవే. పీ తరంగం (గుండె పై గదుల చిన్న వంపు) అయ్యాక క్యూఆర్ఎస్ (కింది గదుల పదునైన శిఖరం) మొదలయ్యేలోపు గీత కాసేపు చదునుగా ఉంటుంది, అక్కడ ఆగి చూడండి. పై గదుల నుంచి వచ్చిన విద్యుత్, పై గదులకీ కింది గదులకీ మధ్యనున్న ఏవీ నోడ్ దగ్గర దాదాపు పదో వంతు సెకను నిలిచి కదులుతుంది. అది నిలవకపోతే కింది గదులు సరిగా నిండకముందే ముడుచుకుంటాయి. గీతలోని ప్రతి వంపు పక్కనా ఇలా ఒక 'ఎందుకు' రాసుకుంటే బట్టీ పట్టే పని తప్పుతుంది.

సర్క్యూట్ల దగ్గర మాత్రం ఎక్కువ కాలం గడపండి. చర్మం మీద ఈసీజీ సుమారు 1 మిల్లీవోల్ట్. ఎలక్ట్రోడ్ల దగ్గర పుట్టే డీసీ తేడా 300 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చని డిజైనర్లు లెక్కేసుకుంటారు. అంటే కావాల్సినదానికి అక్కర్లేనిది 300 రెట్లు. మొదటి దశలోనే వెయ్యి రెట్లు పెంచితే ఆ డీసీ కాగితం మీద 300 వోల్టులవుతుంది. ఆంప్లిఫయర్‌కి మీరిచ్చింది 5 వోల్టులు! గీత అంచుకి వెళ్లి అక్కడే అతుక్కుపోతుంది. అందుకే ముందు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడాని పెంచే ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్‌తో పది రెట్ల లోపే పెంచి, హైపాస్ ఫిల్టర్‌తో డీసీని తీసేసి, మిగతా గెయిన్ (పెంపు) ఆ తర్వాత ఇస్తారు.

బ్రెడ్‌బోర్డు మీద కట్టి చూస్తే మొదట కనిపించేది గుండె కాదు, కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ గోల. తెర మీద గీత తాడంత లావుగా ఉంటుంది. వెంటనే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని కోసేసే నాచ్ ఫిల్టర్ పెట్టేయకండి. ముందు ఎలక్ట్రోడ్ వైర్లను మెలిపెట్టండి, కాస్త సన్నబడుతుంది. జెల్ ఎండిపోయిన ఎలక్ట్రోడ్లు మార్చండి, ఇంకాస్త తగ్గుతుంది. కుడి కాలి డ్రైవ్ (ఆ గోలనే తలకిందులు చేసి కుడి కాలి ద్వారా ఒంటికి తిరిగి పంపే సర్క్యూట్) కలిపి చూడండి, ఆర్ శిఖరాలు (క్యూఆర్ఎస్‌లోని ఎత్తైన మొనలు) తలెత్తుతాయి. కామన్ మోడ్ రిజెక్షన్ (రెండు ఎలక్ట్రోడ్లకీ సమానంగా వచ్చే గోలను తీసేయడం) చాప్టర్ ఎన్నిసార్లు చదివినా ఇంత బాగా ఎక్కదు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. మనిషికి తగిలించే సర్క్యూట్ బ్యాటరీ మీదే నడవాలి. ల్యాప్‌టాప్‌కి కలిపితే దాని చార్జర్ పీకేయాలి. ల్యాబ్‌లో బాధ్యులు చూసి సరేనన్నాకే ఎలక్ట్రోడ్లు అంటించాలి. గుండెను నేరుగా తాకే భాగాల నుంచి మామూలు స్థితిలో రోగికి చేరే లీకేజీ కరెంటు 10 మైక్రోఆంపియర్లు దాటకూడదని వైద్య విద్యుత్ పరికరాల భద్రతకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-1 చెప్తుంది. ఈ అంకె ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతాను.

ఫిల్టర్ల చాప్టర్‌కి కూడా రోగితో సంబంధం ఉంది. రోగ నిర్ధారణకి తీసే ఈసీజీకి 0.05 నుంచి 150 హెర్ట్జ్ దాకా ఉంచుతారు, మానిటర్ మీద 0.5 నుంచి 40 చాలనుకుంటారు. మానిటర్ సెట్టింగుతో ఎస్‌టీ భాగం (క్యూఆర్ఎస్ అయ్యాక వచ్చే గీత) వంగిపోవచ్చు. గుండెపోటుకి డాక్టర్ చూసేది సరిగ్గా ఆ భాగాన్నే.

కోడింగ్‌కి ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ఎంఐటీ-బీఐహెచ్ అరిథ్మియా (గుండె లయ తప్పడం) డేటాబేస్ తీసుకోండి. అరగంట చొప్పున 48 రికార్డులు, సెకనుకి 360 శాంపిళ్లు, ప్రతి బీట్‌కీ నిపుణులు పెట్టిన గుర్తు. రెడీమేడ్ లైబ్రరీ జోలికి పోకుండా ఆర్ శిఖరాలు వెతికే కోడ్ మీరే రాయండి. 100వ రికార్డు మీద అందరి కోడూ పనిచేస్తుంది. 105 నిండా నాయిస్, దాని మీద నడిపి చూసుకోండి.

మెటీరియల్స్, మెకానిక్స్ ఈసీజీకి అంతగా అతకవు. ఎలక్ట్రోడ్‌లోని సిల్వర్ క్లోరైడ్ పూత ఎందుకో తెలుసుకుని, మిగతాది పరీక్షకి సరిపడా చదవండి. థెరాక్-25 కథ మాత్రం వదలొద్దు. 1985 నుంచి 1987 మధ్య ఆ రేడియేషన్ యంత్రం ఆరుగురికి విపరీతమైన డోసు ఇచ్చింది. పాత మోడల్లోని హార్డ్‌వేర్ ఇంటర్‌లాకులు తీసేసి సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకున్నారు, ఆ సాఫ్ట్‌వేర్‌లోనే తప్పులున్నాయి.

ఆస్పత్రికి వెళ్లే అవకాశం వస్తే డాక్టర్ కంటే ముందు నర్సుని పలకరించండి. ఏ అలారం ఎక్కువగా ఆపేస్తారో, ఏ వైరు ఊరికే ఊడిపోతుందో ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

ఇక ప్రాజెక్టు. '99 శాతం కచ్చితత్వంతో గుండె జబ్బు కనిపెట్టే ఏఐ' అని రెజ్యూమేలో చూడగానే నేను అడిగేది ఒకటే: డేటాని బీట్ల వారీగా విడగొట్టారా, రోగుల వారీగానా? ఒకే మనిషి బీట్లు ట్రైనింగ్‌లోనూ టెస్టులోనూ ఉంటే మోడల్ ఆ మనిషిని గుర్తుపట్టి పాసైపోతుంది. రోగుల వారీగా విడగొట్టి మళ్లీ నడపండి. అంకె తగ్గుతుంది. తగ్గిన ఆ అంకెనే రెజ్యూమేలో రాసి, ఎందుకు తగ్గిందో పక్కన ఒక వాక్యం పెట్టండి. ఇంటర్వ్యూ సగం దాని మీదే నడుస్తుంది.