ఎండలు ముదరకముందే లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) దాణాలో అమైనో ఆమ్లాలు: కలిపే ముందు చూసుకోవాల్సినవి

మేత ఎంత తింటున్నాయో ముందు తూచండి. శాతం చూసి మోసపోయేది ఇక్కడే. కోడి రోజుకు 110 గ్రాములు తింటే 0.38 శాతం మెథియోనిన్ (ప్రొటీన్‌లోని ఒక అమైనో ఆమ్లం) ఉన్న దాణాతో అది 418 మిల్లీగ్రాములు అందుతుంది. ఎండకు మేత 95 గ్రాములకు పడిపోతే అదే దాణాలో 361 మాత్రమే. ముందు గుడ్డు బరువు తగ్గుతుంది, తర్వాత ఉత్పత్తి. లోటు పూడాలంటే టన్నుకు మరో 600 గ్రాముల డీఎల్-మెథియోనిన్ (దాణాలో కలిపే మెథియోనిన్ పొడి) కావాలి.

మరో అమైనో ఆమ్లం లైసిన్. దాని బస్తా మీద పేరు చదవండి. హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరైడ్) రకంలో లైసిన్ సుమారు 78 శాతం, సల్ఫేట్‌లో దాదాపు 55. కిలోకి కిలో మార్చితే లోటే. కిలో హెచ్‌సీఎల్ బదులు కిలో 400 గ్రాముల సల్ఫేట్ పడాలి.

హెచ్‌సీఎల్ కిలోకి 190 గ్రాముల దాకా క్లోరైడ్ వస్తుంది. అంతమేర ఉప్పు 300 గ్రాములు తగ్గించి, సోడియం కోసం 430 గ్రాముల సోడా బైకార్బ్ వేయండి. ఎండల్లో పెంకు గట్టితనానికీ ఇది మంచిదే.

ప్రొటీన్ ఇచ్చే సోయా చెక్క బాగా తగ్గిస్తున్నారా? మెథియోనిన్, లైసిన్‌తో సరిపోదు. త్రియోనిన్, ట్రిప్టోఫాన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు కూడా లెక్కవేయాలి.

నల్లగా మాడిన డీడీజీఎస్‌కు (ధాన్యం నుంచి ఆల్కహాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) లైసిన్ పూర్తి లెక్క కట్టొద్దు. వేడికి దెబ్బతిన్న లైసిన్ కోడికి అరగదు.

కిలోన్నర అమైనో ఆమ్లం పొడిని నేరుగా టన్ను మిక్సర్‌లో గుమ్మరించొద్దు. ముందు 20 కిలోల మొక్కజొన్న నూకలో కలిపి, అప్పుడు వేయండి. లేదంటే ఒక బస్తాలో ఎక్కువ, ఇంకో బస్తాలో సున్నా.